తెలుగు తోబుట్టువులు: ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసము



మన బెజవాడలో మల్లేశ్వరస్వామి ఆలయమునకు చెందిన యుద్ధమల్లుని శాసనము, నన్నయభట్టు భారతరచనకు పూనుకొనుటకు పూర్వమే మధ్యాక్కర పద్యములలో చెక్కబడినదై, ఈ గడ్డమీద తెలుగు ఎంత ప్రాచీనకాలమునుండి ఛందోబద్ధమై నిలిచినదో చూపుచున్నది. ఏటేట ఫిబ్రవరిమాసమున ఈ గుణదల కొండకు మేరీమాత ఉత్సవములకై తరలివచ్చు జనసమూహములో రాయలసీమ పలుకు, తెలంగాణపు పలుకు, ఉత్తరాంధ్రపు పలుకు, మన కృష్ణాతీరపు పలుకు ఒకదానినొకటి ఒరసికొనుచు వినవచ్చును. శాసనమును చదువు పండితుడు ఆ జనఘోషను సాధారణముగా చెవిని బెట్టడు. జనుల వాడుకను వినువాడు శాసనము జోలికి పోడు. ఈ రెండింటిని ఒకే శాస్త్రదృష్టితో, ఒకే శ్రద్ధతో, సుమారు 60 సంవత్సరములు పరిశీలించిన మహావిద్వాంసుడు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి. రాతిమీది అక్షరమునకు ఎంత సాక్ష్యబలము కలదో, చదువెరుగని కర్షకుని నోటిమాటకును, లిపిలేని కొండజాతి పలుకునకును అంతే సాక్ష్యబలము కలదని ఆయన నమ్మి, ఆ నమ్మికను తన పరిశోధనలచే నిరూపించిరి. ఈనాడు నేను విన్నవింపదలచిన దంతయు ఈ ఒక్క విషయమునకు సంబంధించినదే.

కృష్ణమూర్తిగారు 1928 జూన్ 19న ఒంగోలులో జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు భాషాసాహిత్యములు అభ్యసించి, 1948లో ఆనర్సు పట్టము పొంది, అచటనే అధ్యాపకత్వము స్వీకరించిరి. ఆ కాలపు తెలుగు పండితునకు ఎదుట ఉన్న మార్గము కావ్యములు, ప్రబంధములు, వ్యాకరణములు, అలంకారశాస్త్రము. అందు నిష్ణాతుడైనవానికి లోపములేదు. ఐనను ఆయన మనస్సు మరియొక దారి పట్టినది. ఆ దారి ఆయనకు పూర్వమే కొందరు త్రొక్కినదే. 1816లో క్యాంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు పీఠికగా ఎల్లిస్ వ్రాసిన వ్యాసములో, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదనియు, తమిళ కన్నడములతో కూడిన మరియొక కుటుంబమునకు చెందినదనియు మొదటిసారి సోపపత్తికముగా చెప్పబడినది. 1856లో కాల్డ్‌వెల్ ఆ కుటుంబమునకు సమగ్రమగు తులనాత్మక వ్యాకరణము రచించెను. మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడినుండి సవరల మధ్యకు పోయి, వారి పలుకును నేర్చి, ఆ తరువాతనే తెలుగు దేశమునకు వాడుకభాష గౌరవమును గూర్చి ఎలుగెత్తి చెప్పిరి. భాషాసేవ చేయదలచినవాడు ముందు వినవలెనని నేర్పిన గురువు గిడుగువారు. కృష్ణమూర్తిగారు ఆ వంశమువారే యని నా అభిప్రాయము. రక్తసంబంధముచే గాదు, శ్రవణనిష్ఠచే.

ఆయన అమెరికాకు పోయి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1955లో ఎం.ఏ., 1957లో పీహెచ్.డి. పట్టములు పొందిరి. నీలగిరులలోని తోడవారి పలుకును, కోతవారి పలుకును వారి నడుమ నుండి నేర్చి ప్రపంచమునకు తెలిపిన మరే ఎమెనో ఆయనకు మార్గదర్శి. భారతదేశములో వేర్వేరు కుటుంబముల భాషలు వేల సంవత్సరములు ఇరుగుపొరుగున మెలగుటచే పరస్పరము లక్షణములను ఇచ్చిపుచ్చుకొని, ఈ దేశమంతయు ఒకే భాషామండలమైనదని ఎమెనో 1956లో ప్రతిపాదించిన సిద్ధాంతము సుప్రసిద్ధము. అట్టివానియొద్ద శిక్షణము పొందిన మన తెలుగు యువకుడు ఎంచుకొన్న పరిశోధనాంశము తెలుగు ధాతువులు. ఆ సిద్ధాంతవ్యాసము 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము వారిచే గ్రంథరూపమున వెలువడినది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ప్రథమముద్రణము పొందినదియు ఆ సంవత్సరమే. ఆ నిఘంటువు జ్ఞాతిపదములను ఒకచోట చేర్చినదే కాని వాటి మూలరూపము ఎట్టిదో చెప్పుటకు పూనుకొనలేదు. కృష్ణమూర్తిగారు ఆ సాహసము చేసిరి. తెలుగు ధాతువునకు సోదరభాషలలోని రూపములను ప్రక్కప్రక్కన నిలిపి, మూలద్రావిడమున అది ఎట్లుండెనో, ఏయే పరిణామములు పొంది మన నోటికి వచ్చినదో నియమబద్ధముగా వివరించిరి.

ఈ నియమబద్ధత యనునది ఏమో శాస్త్రపరిచయము లేనివారికి రెండు మాటలలో చెప్పుట అవసరము. తమిళుడు ‘ఏఴు’ అనుచోట మనము ‘ఏడు’ అందుము; అతడు ‘కోఴి’ అనుచోట మనము ‘కోడి’ అందుము. ఇది ఒకటి రెండు మాటల యాదృచ్ఛికసామ్యము గాదు. మన ప్రాచీనశాసనములలో ఆ ఴకారము అక్షరరూపమున కానవచ్చుచునే యున్నది. నన్నయ నాటికి అది లోపించినది. అట్లే తమిళుని ‘పుగై’ మనకు ‘పొగ’. ‘విలై’ మనకు ‘వెల’. ‘ఉడల్’ మనకు ‘ఒడలు’. ఇందు ఏది ప్రాచీనము? ఇకార ఉకారములు ముందా, ఎకార ఒకారములు ముందా? ఒక్కొక్క భాషయు తన రూపమే ప్రాచీనమని వాదింపవచ్చును. అభిమానముతో తేలు వివాదము గాదిది. 1958లో ‘లాంగ్వేజ్’ అను విఖ్యాతపత్రికలో కృష్ణమూర్తిగారు ప్రకటించిన వ్యాసము ఈ సమస్యను గూర్చినదే. తరువాతి అక్షరమున అకారము వచ్చునపుడు ఈ స్వరములు దక్షిణద్రావిడమున ఎట్లు కలిసిపోయినవో, ఆ పిమ్మట ఏ భాషలో ఏ వైపు మరలినవో ఆయన క్రమము చూపిరి. అప్పటికి ఆయన వయస్సు 30 ఏండ్లు. ప్రపంచభాషాశాస్త్రజ్ఞులు తెలుగువాని వాదమును తెలుగునకు పక్షపాతము లేని వాదముగా అంగీకరించుట నాకు ఈనాటికిని గర్వకారణము.

ఇంతకంటెను గొప్పది వర్ణవ్యత్యయ విచారము. తమిళమున ‘ఇరండు’, తెలుగున ‘రెండు’. తమిళమున ‘ఉరల్’, తెలుగున ‘రోలు’. ‘ఉలక్కై’కి ‘రోకలి’, ‘అవన్’కు ‘వాడు’. అచ్చట అచ్చుతో మొదలైన మాట ఇచ్చట హల్లుతో మొదలగుచున్నది. మధ్యనున్న హల్లు ముందునకు జరిగి, విడివిడిగా నున్న అచ్చులు కలిసిపోయినవి. నాలుక కొనతో పలుకు వర్ణములు పదాదిని నిలుచుట మూలద్రావిడమునకు సమ్మతము కాదు. ఆ కట్టును తెంచుకొన్న భాషలలో తెలుగు ముఖ్యమైనది. మాట మొదట హల్లు ఉన్నప్పుడు కూడ ఇట్టి జరుగుబాటు కలదు: తమిళమున ‘పఴ’ మొదలగు రూపములకు సరియైనది మన ‘ప్రాత’, అందలి రేఫము వాడుకలో జారి నేటి ‘పాత’ యైనది. ‘మరం’ మనకు ‘మ్రాను’, ఆ పిమ్మట ‘మాను’. మన వ్యాకరణములలో క్రొత్త, ప్రాత, క్రింద, మ్రాను అను రూపములను గ్రాంథికములనియు, రేఫలోపము కల రూపములను గ్రామ్యములనియు విభజించి ఊరకుండిరి. ఆ రెండింటి నడుమ కాలము ప్రవహించినదని, రెండును ఒకే చరిత్రలోని రెండు దశలని గ్రహించినచో పండితునకు పామరునకు గల కలహము చాలవరకు శమించును.

ఈ పరిణామము పొందిన ఇతరభాషలు ఏవి? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానమే కృష్ణమూర్తిగారు మనకు ప్రసాదించిన విజ్ఞానములో శిరోభూషణము. గ్రియర్సన్ ఆధిపత్యమున జరిగిన భాషాసర్వేక్షణములో, 1906 నాటి ద్రావిడ సంపుటమున, తెలుగు తమిళ కన్నడములతో చేరక, ఆంధ్రశాఖ యను పేర ఒంటరిగా నిలిచియున్నది. సామాన్యుల తలంపున తెలుగునకు కన్నడము అక్క లేక చెల్లెలు, ఏలన లిపులు దగ్గర, రాజులు దగ్గర, కవులు దగ్గర. కృష్ణమూర్తిగారు లిపిని, రాజులను, కవులను ప్రక్కన బెట్టి, వర్ణపరిణామములను, సర్వనామములను, క్రియారూపములను పరిశీలించి, తెలుగునకు మిక్కిలి దగ్గరి భాషలు గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అని తేల్చిరి. తమిళము, మలయాళము, కన్నడము, తుళు, కొడగు, తోడ, కోత మొదలగునవి దక్షిణద్రావిడమున ఒక పాయ. తెలుగును, ఈ అరణ్యభాషలును మరియొక పాయ. దీనిని దక్షిణమధ్యద్రావిడ మనియు వ్యవహరింతురు.

దీని భావము ఏమో నిదానముగా ఆలోచింపవలెను. రాజమహేంద్రవరమున రాజనరేంద్రుని కొలువులో పలికిన భాషకు, విజయనగర భువనవిజయమున పలికిన భాషకు తోబుట్టువులు, గోదావరికి ఉత్తరమున అడవులలో, అరకు కొండలలో, కోరాపుట్టు లోయలలో, ఇటీవలి వరకు లిపియు, పుస్తకమును లేక జీవించుచున్నవి. తమిళుడు ‘ఎన్’ అనుచోట మనము ‘నా’ అందుము; కొండదొర కూడ ‘నా’ అనును, గోండును ‘నా’ అనును. తమిళుడు స్త్రీని ‘అవళ్’ అని ప్రత్యేకముగా పేర్కొనును. మన ప్రాచీనవ్యాకరణములో ఏకవచనమున స్త్రీకి, పశువునకు, వస్తువునకు ఒకే ‘అది’ చెల్లును. ఇది తెలుగువారి అనాదరణము వలన పుట్టినదని కొందరు నొచ్చుకొందురు. నిజమునకు గోండి, కొండ భాషలందును ఇదే పద్ధతి. మూలద్రావిడపు లింగవ్యవస్థ ఇట్టిదేయనియు, స్త్రీవాచకమును వేరుచేయుట తమిళాది భాషలు తరువాత చేసికొన్న మార్పనియు కృష్ణమూర్తిగారి నిర్ణయము.

ఆయన ఈ నిర్ణయములను గ్రంథాలయమున కూర్చుండి మాత్రమే చేయలేదు. అరకు ప్రాంతపు కొండదొరల నోట వారి భాషను విని, వ్రాసికొని, దానికి వర్ణనాత్మక వ్యాకరణమును, పదకోశమును కూర్చి 1969లో ‘కొండ లేక కూబి’ యను గ్రంథముగా ప్రకటించిరి. ఆ గ్రంథమున నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయ మొకటి కలదు. మన విద్యార్థులు శకటరేఫసాధురేఫ నిర్ణయమునకై పట్టికలు వల్లించి ఎంత క్లేశపడుదురో మీకు తెలియును; వాడుకలో ఆ భేదము నశించి అనేకశతాబ్దులైనది గనుక, చెవి చెప్పజాలనిదానిని జ్ఞాపకశక్తి మోయవలసి వచ్చుచున్నది. ఆ ప్రాచీనమగు ఱకారము కొండభాషలో నేటికిని వేరుధ్వనిగా ఉచ్చరింపబడుచున్నది. మనము ‘వాడు’ అనుదానిని, మన పూర్వులు ‘వాండు’ అన్నదానిని, కొండదొర ‘వాన్‌ఱు’ అనును. పండితుడు కంఠస్థము చేసి నిలుపుకొన్నదానిని నిరక్షరుడగు కొండదొర బిడ్డ తల్లి ఒడిలో నేర్చుచున్నాడు. కావ్యభాషయే ప్రాచీనతకు నిధానమను భ్రమ దీనితో తొలగిపోవలెను. ఈ తోబుట్టువులను మనము ఎన్నడును పంక్తిలో కూర్చుండబెట్టలేదు. వారి పిల్లలు మన బడులకు వచ్చి, తమది కాని భాషలో మొదటి అక్షరమును దిద్దుచు, వెనుకబడినవారను నింద మోయుచున్నారు. ఈ మాట చెప్పునపుడు నాకు దుఃఖము కలుగుచున్నది. ఆ దుఃఖమును దాచుకొనుటకు కారణము కనబడదు.

వర్ణపరిణామము ఒక్కసారిగా అన్నిమాటలను ఆక్రమించునా, లేక ఒక మాట తరువాత ఒక మాటగా ప్రాకునా యనునది భాషాశాస్త్రమున పెద్దవివాదము. పందొమ్మిదవ శతాబ్దిలో జర్మనీ పండితులు నియమమునకు అపవాదము లేదనిరి. కృష్ణమూర్తిగారు 1978లో ద్రావిడభాషల సాక్ష్యముతో, వర్ణవ్యత్యయము ఈ ఆరు సోదరభాషలలో ఇప్పటికిని సాగుచునే యున్నదనియు, తెలుగున దాదాపు ముగిసినది ఇతరత్ర కొన్ని మాటలలో జరిగి, కొన్నింట జరుగక, కొన్నింట రెండు రూపములును నిలిచి యున్నవనియు చూపిరి. ఇంకొక అడుగు వేసి 1983లో ఒక అపూర్వమగు ప్రశ్న వేసిరి: మారినమాటలనే గాక మారనిమాటలను కూడ లెక్కించి భాషల బంధుత్వమును నిర్ణయింపవచ్చునా? ఆరు భాషలు ఒక్కొక్కచోట రెండేసి కొమ్మలుగా చీలుచు పుట్టినవనుకొన్నచో, ఏర్పడదగు వంశవృక్షములు 945. స్టాన్‌ఫర్డులోని సంఖ్యాశాస్త్రజ్ఞుడు లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్ అనువారితో కలిసి ఆయన ఈ వృక్షములను పరీక్షించి, అత్యల్పసంఖ్యలో స్వతంత్రపరిణామములను కల్పించుకొనిన చాలు వృక్షమేదో అదియే చరిత్రకు సమీపమని నిర్ధారించిరి. తెలుగు ఆనర్సు చదివి బయలుదేరినవాడు గణితజ్ఞుల సరసన కూర్చుండి ఇట్టి పని చేసెనన్నచో, మన కళాశాలలలో సాహిత్యము చదువువానికి లెక్కలతో పనిలేదను సంప్రదాయమును మనము పునరాలోచింపవలసియున్నది. 1998లో గోండిమాండలికములను గూర్చి వ్రాసిన వ్యాసములో, ప్రాచీనమగు పదాది చకారము గోండిలో కొన్నిచోట్ల సకారమై, కొన్నిచోట్ల హకారమై, మరికొన్నిచోట్ల పూర్తిగా లోపించుటను ఊరివెంట ఊరు పరిశీలించి, మాట తరువాత మాటగా ప్రాకిన మార్పు కూడ తుదకు అపవాదము లేని నియమముగా పరిణమింపగలదని నిరూపించిరి. రెండుపక్షముల వాదులకును ఇందు న్యాయము దొరకినది. అప్పటికి ఆయనకు 70 ఏండ్లు.

ఇక మన డెల్టాకు వత్తము. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తిపదకోశ నిర్మాణమునకు కృష్ణమూర్తిగారు ప్రణాళిక రచించిరి. తొలి సంపుటము వ్యవసాయపదములు, 1962లో వెలువడినది. చేనేతపదముల సంపుటము 1971లో. తరువాత ఇతరవృత్తులను ఇతరులు చేపట్టిరి. దక్షిణాసియా భాషలలో ఇట్టి శాస్త్రీయప్రయత్నమునకు ఇది ముందునడక. పండితులు నిఘంటువు నిర్మింపవలెనన్న కావ్యములలో ప్రయోగములు వెదకుట ఆచారము. కర్షకునకు కావ్యప్రయోగము లేదు. అతని మాట అతని పనిముట్టుతో పుట్టి, ఆ పనిముట్టుతో చేతులు మారుచుండును. అందుచే ప్రశ్నావళి సిద్ధపరచి, జిల్లాజిల్లాకు పోయి, కాడిని, మేడిని, కర్రును చూపి, దీని పేరేమి, దానిని ఏమందురు అని అడిగి వ్రాసికొనవలసి యుండెను.

ఆ పని ఫలితము దేశపటములపై గీతలుగా తేలినది. ఒక మాట వాడుక ఏ ఊరితో ఆగునో, అచ్చటినుండి ఏ మాట మొదలగునో చూపు గీతలవి. మనము నాగలి యన్నదానిని రాయలసీమలో మడక అందురు; మన గుంటూరు కృష్ణా మండలములలో ఎద్దులతో కూడ నడచుదానిని అరక అందుము. వరినారు పోయు మడిని మనము ఆకుమడి అందుము, ఇతరత్ర నారుమడి. దుక్కి, దమ్ము, ఊడ్పు, కుప్పనూర్పు, కళ్ళము, తూర్పారబట్టుట, పురి, గాదె—బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువల క్రింద సేద్యము చేసిన కుటుంబములలో పుట్టినవారికి ఈ మాటలు నిఘంటువు వెదకక తెలియును. ఈ గీతలన్నింటిని ఒకదానిపై నొకటి పేర్చి చూడగా తెలుగుదేశము నాలుగు మండలములుగా విడివడినది: శ్రీకాకుళము విశాఖపట్టణములు పూర్వమండలము, రాయలసీమ, నెల్లూరు ప్రాంతములు దక్షిణమండలము, తెలంగాణము ఉత్తరమండలము, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలు మధ్యమండలము. పరిపాలకుల గీతలను బట్టిగాక ప్రజల నాలుకలను బట్టి గీచిన మొట్టమొదటి తెలుగుదేశపటము ఇదియే.

ఈ మధ్యమండలవాసులమగు మనకు ఇందొక హెచ్చరిక కలదని నా మనవి. మన ప్రాంతపు విద్యావంతుల వాడుక పత్రికలద్వారా, చలనచిత్రములద్వారా, పాఠ్యపుస్తకములద్వారా ప్రమాణభాషయై విస్తరించినది, జె.పి.ఎల్. గ్విన్‌గారితో కలిసి కృష్ణమూర్తిగారు 1985లో ప్రకటించిన ఆధునికాంధ్ర వ్యాకరణము వర్ణించునది ప్రధానముగా ఆ ప్రమాణభాషనే. మన భాష ప్రమాణమగుటకు కారణము కాలువలు, అచ్చుకూటములు, కళాశాలలు, రైలుమార్గములు. అంతేకాని మన ఉచ్చారణమున ప్రత్యేకపావిత్ర్యమేదియు లేదు. వృత్తిపదకోశపు పుటలలో మడక యను మాటకును నాగలి యను మాటకును సమానమైన స్థానము కలదు; ఒకటి సాధువు, ఒకటి అసాధువు అను విభాగము అందు లేదు. ఇతరమండలములవారి పలుకును తెరమీద చూచి నవ్వుట మన అలవాటైనది. ఆ నవ్వునకు శాస్త్రములో ఆధారమేదియు దొరకదు.

అధ్యాపకునిగా ఆయన జీవితమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున కొంతకాలము పనిచేసి, 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రమునకు ప్రథమాచార్యులై, 1986 వరకు ఆ శాఖను పెంచి పెద్దచేసిరి. ఆ కాలముననే 1974లో ఆయన సంపాదకత్వమున ‘తెలుగు భాషాచరిత్ర’ సాహిత్య అకాడమీ ప్రచురణముగా వెలువడినది. శాసనభాష, నన్నయభాష, తరువాతి కావ్యభాష, మాండలికములు, అన్యభాషలనుండి వచ్చిన మాటలు—వీనినన్నింటిని తగిన నిపుణులచే వ్రాయించి, ఒక్క సంపుటమున కూర్చిన ఆ గ్రంథమును చేతబట్టక తెలుగు ఎం.ఏ. పరీక్షకు కూర్చుండిన విద్యార్థి, ఆ తరువాతి దశాబ్దములలో, అరుదు. 1986 నుండి 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రము అచట నెలకొన్నది ఆ కాలముననే. అమెరికా భాషాశాస్త్రసంఘము 1985లో గౌరవసభ్యత్వము నొసగినది. ఎడింబరో రాయల్ సొసైటీ 2004లో సభ్యునిగా స్వీకరించినది. ఇట్టి సత్కారముల పట్టికను ఇంకను పొడిగింపవచ్చును గాని, ఆయన గొప్పతనము వానిచే పెరుగునది గాదు.

పాలనాభారము వహించిన ఆచార్యులు చాలమంది పదవీవిరమణానంతరము పరిశోధనకు మరలి రారు; కుర్చీ అలవాటైన చేతికి కలము బరువగును. కృష్ణమూర్తిగారి జీవితములో సర్వోత్కృష్టమగు గ్రంథము పదవీవిరమణము తరువాతనే పుట్టినది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారు ప్రకటించిన ‘ద్రావిడభాషలు’ అను ఆ ఆంగ్లగ్రంథములో, బెలూచిస్థానమున బ్రాహుయి మొదలుకొని సింహళమున తమిళము వరకు, నేపాళపు అంచున కురుఖ్ వరకు, 26 భాషల వర్ణనిర్మాణము, పదనిర్మాణము, వాక్యనిర్మాణము, చరిత్ర ఒకే చూపుతో సమీక్షింపబడినవి. కాల్డ్‌వెల్ గ్రంథము వెలువడిన 147 సంవత్సరములకు, ఆ కుటుంబమునకే చెందిన బిడ్డ ఆ కుటుంబచరిత్రను తిరిగి వ్రాసెను. కాల్డ్‌వెల్‌నకు లభింపని భాషలు ఇందున్నవి. ఆయన ఊహించినవి కొన్ని ఇందు స్థాపింపబడినవి, కొన్ని త్రోసివేయబడినవి. త్రోసివేయునప్పుడును పూర్వుని యెడ గౌరవము చెడలేదు.

చివరి దశలో ఆయన మనస్సును ఎక్కువగా ఆక్రమించిన సమస్య యొకటి కలదు. ప్రాచీనతమిళమున ఆయ్తమను ఒక వింత అక్షరము కలదు. మూడు చుక్కలతో వ్రాయబడు ఆ అక్షరమునకు తొల్కాప్పియమున లక్షణము చెప్పబడినది గాని, అది ఏ ధ్వనియో, ఏల పుట్టినదో ఎవరును నిశ్చయింపలేకపోయిరి. మూలద్రావిడమున కంఠబిలమున పలుకు ఒక వర్ణ ముండెననియు, అది అన్ని భాషలలోను నశించి, ఆయ్తముగా తమిళమున మాత్రము జాడ విడిచినదనియు ఆయన ప్రతిపాదించిరి. దాని సాక్ష్యము మన నోటనే కలదు. మూడు అనునపుడు దీర్ఘము, ముప్పది అనునపుడు హ్రస్వము. చావు అనునపుడు దీర్ఘము, చచ్చు అనునపుడు హ్రస్వము. ఒకే ధాతువు ఒకచోట పొడవై, ఒకచోట పొట్టియగుటకు కారణమేమి? నశించిన ఆ వర్ణము తాను పోవుచు ముందరి అచ్చును పొడిగించినచోట దీర్ఘము మిగిలినది, ద్విత్వమునకు చోటిచ్చినచోట హ్రస్వము మిగిలినది అని ఆయన వివరణము. అందరు పండితులును దీనిని అంగీకరింపలేదు. అంగీకారము కొరకు ఆయన తొందరపడలేదు. సాక్ష్యమును సమకూర్చుచునే యుండిరి. 2012 ఆగస్టు 11న హైదరాబాదులో దివంగతులగునప్పటికి ఆయన వయస్సు 84 ఏండ్లు.

సభాసదులారా, ఆయన ప్రారంభించినదానిలో మిగిలిపోయిన పని పెద్దది. తెలుగుమాట ఏ శాసనమున మొదట కనబడినది, ఏ శతాబ్దిలో ఏ అర్థమున వాడబడినది, ఎప్పుడు రూపము మార్చుకొన్నది అని ప్రతిమాటకును చెప్పగల సమగ్రమగు చారిత్రకనిఘంటువు మనకు ఇంకను లేదు. అది ఒక్కరివలన తీరు కార్యము గాదు, విశ్వవిద్యాలయములు చేయవలసినది. కాని రెండవ పని ఈ గుణదలలో కూర్చున్న మనకే సాధ్యమైనది. 1962 నాటి వ్యవసాయపదకోశమున ఎక్కిన పనిముట్లలో చాలవరకు నేడు మన పొలములలో లేవు. దమ్ము ట్రాక్టరు చేయుచున్నది. కోతయు, నూర్పిడియు ఒకే యంత్రము చేయుచున్నది. తూర్పార బట్టుటకు గాలికై ఎదురుచూచినవారు వృద్ధులైరి. ఈ యంత్రములకు రైతులు తామై పెట్టుకొన్న పేర్లు, డ్రైవర్లు, మెకానిక్కులు కల్పించిన మాటలు, ఇంగ్లీషుమాటకు తెలుగు ప్రత్యయము చేర్చి మలచుకొన్న క్రియలు, ఇవియు భాషయే. వీనిని వ్రాసికొనినవారు లేరు. కృష్ణమూర్తిగారి ప్రశ్నావళి పద్ధతి అచ్చులో నున్నది. ఇచట రెండు మూడు కళాశాలల తెలుగు విద్యార్థులు కనబడుచున్నారు. మైలవరము, గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ వైపులనుండి వచ్చినవారు మీలో తప్పక ఉందురు. ఈ వేసవిలో మీ ఊరికి పోయినపుడు, 70 ఏండ్లు దాటిన కర్షకుని యొద్ద ప్రాత పనిముట్ల పేర్లను, యంత్రము నడుపు యువకుని యొద్ద క్రొత్తవాటి పేర్లను, విన్నది విన్నట్లు, సవరింపక, ఊరిపేరు, తేదీ వేసి వ్రాసికొని రండు.